దెయ్యానికి గొంతిచ్చిన మా అత్త

మా మేనత్త పోయిందని కంకిపాడు నుంచి మనిషి వచ్చి చెప్పేసరికి నేను బెజవాడలో మా వంటింట్లో అన్నం వారుస్తున్నాను. ఆ గంజి పారబోయడానికి చెయ్యి రాలేదు. పొద్దున్నే ఉప్పేసిన వేడి గంజి తాగందే అత్త నోరు విప్పేది కాదు. "పాటకి ఊపిరి కావాలి, ఊపిరికి గంజి కావాలి. తాగవే," అని నాకూ ఓ గ్లాసు పట్టించేది. చర్చిలో పాట ఎత్తేది ఆవిడే. నేను ఎంత గంజి తాగినా నాది గేదె గొంతే.

మీలో ఎవరైనా ఆ దెయ్యం సినిమా రెండో భాగం చూసి, ఏడుపు వినపడ్డ చోట జడుసుకుని ఉంటే, ఆ ఏడుపు మా అత్తదే. మొదటి భాగం పట్నంలో వారం కూడా ఆడలేదు. మా వైపు టూరింగ్ టాకీసుల్లో మాత్రం జనం దాన్ని మళ్ళీ మళ్ళీ చూశారు. దెయ్యం నోరు తెరవకముందే దాని మాటలు వీళ్ళు అప్పజెప్పేవారు. ఆ మోజు చూసి రెండోది మా ఊరి పాత రైసు మిల్లులో తీశారు. దెయ్యం వేషం వేసినమ్మాయికి అందం ఉంది గానీ ఏడుపు రాలేదు. ఎవరో అత్త గొంతు గురించి చెప్పారు. అత్త వెళ్ళింది.

ఊరంతా గుప్పుమంది. దెయ్యానికిచ్చిన గొంతుతో దేవుడి పాట పాడకూడదన్నారు చర్చి పెద్దలు. పాస్టరు గారు కాదనలేదు. అత్తని పాడేవాళ్ళలోంచి తీసి వెనక చాపల మీద కూర్చోబెట్టారు. "పాట గొంతు దాకా వచ్చి కూర్చుంటందే," అనేది నాతో. గంజి మానేసింది. ఆ పెద్దల్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆ సినిమా ఎలా తీశారో చూపిస్తూ దర్శకుడి స్నేహితుడొకాయన ఇంకో బుల్లి సినిమా తీశాడు. బెజవాడ హాల్లో అసలు బొమ్మకి ముందు దాన్ని వేశారు. అత్తని బతిమాలి తీసుకెళ్ళాను. "ఏం చేసిందో చూసి అప్పుడు మాట్లాడండి," అని పాస్టరు గారినీ పిలిచాను. ఆయన వచ్చి, తెలిసినవాళ్ళ కంట పడకుండా చివరి వరసలో కూర్చున్నారు.

తెర మీద దెయ్యం వేషంలో ఉన్న అమ్మాయి జుట్టు వెనక్కి తోసుకుని ఇడ్లీ తింటోంది. హాలంతా నవ్వింది. తర్వాత మైకు ముందు మా అత్త. ఆవిడ ఏడుపు మొదలుపెట్టగానే నవ్వులు ఆగిపోయాయి. అయ్యాక కెమెరా ఆయన అడిగాడు. "ఇంత ఏడుపు ఎక్కణ్ణుంచి తెచ్చారండీ?"

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది.

"మా పిల్ల పోయినప్పుడు ఏడవలేదండి. బిడ్డ ప్రభువు దగ్గరుంది, మళ్ళీ కలుస్తామనే నిరీక్షణ ఉన్నవాళ్ళం, శోకాలు పెట్టకూడదన్నారు. సమాధి దగ్గర పాట కూడా నేనే ఎత్తాను. ఆ ఏడుపు అట్టాగే ఉండిపోయిందండి. ఇక్కడైతే ఏడవమన్నారు గదా."

ఆ పిల్ల అత్తకి ఒక్కగానొక్క కూతురు, జ్వరంతో పోయింది. శోకాలు వద్దన్నది ఈ పాస్టరు గారే. ఆయన తర్వాతి ఆదివారం పాట వేళకి చాపల దాకా నడిచి వచ్చి, "ఎత్తమ్మా," అన్నారు. అత్త లేచి ఎత్తింది.

ఆ బుల్లి సినిమా ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలియదు. దెయ్యం సినిమా మాత్రం టెంటుల్లో ఇంకా ఆడుతోంది. ఎక్కడ వేసినా వెళ్ళి, అందరూ జడుసుకునే చోట కళ్ళు మూసుకుని అత్తని వింటాను. ఆవిడ పాటని ఎవరూ టేపులో పట్టి ఉంచలేదు. నాకు ఆ పాట కావాలి. ఒక్క చరణమైనా చాలు.

మొన్న అత్త పెట్టె గోతిలోకి దించుతుంటే అలవాటు ప్రకారం ఎవరో పాట అందుకోబోయారు. పాస్టరు గారు చెయ్యెత్తి ఆపారు.

"కాసేపు ఏడవనివ్వండి," అన్నారు.

పాటల పుస్తకం మూసి చంకలో పెట్టుకుని, చెరుకు తోటల వైపు తిరిగి నిలబడ్డారు. మా ఏడుపులు సద్దుమణిగాక కూడా ఆయన ఇటు తిరగలేదు. భుజాలు కదులుతూనే ఉన్నాయి.