బరిశాల్ మాట

జబల్‌పూర్ బెంగాలీల గుడి కాళీబారిలో అమ్మవారి భోగానికి రోజూ కూరలు తరిగేది చారుబాల. కత్తిపీటను కాలితో తొక్కిపట్టి, తల ఎత్తకుండా గుమ్మడికాయ కోస్తూ కూర్చుంటుంది. చుట్టూ ఆడవాళ్లు బెంగాలీలో లోకాభిరామాయణం నడుపుతుంటే ఊఁ కొడుతుంది గానీ నోరు విప్పదు. ఆమెది తూర్పు బెంగాల్లోని బరిశాల్ యాస. చిన్నప్పుడే సరిహద్దు దాటి వచ్చేసినా అది నాలుకను వదల్లేదు. "మాసిమా, ఆ మాట ఇంకోసారి అనవూ!" అంటూ, పిన్నిగా పిలిచే ఆమెను చూసి, కలకత్తా నుంచి ఇక్కడి ఇళ్లకు వచ్చిన కోడళ్లు నవ్వడం మొదలుపెట్టాక మాటలు తగ్గించుకుంది. ఇంట్లో మనవలది హిందీ. ఆ యాసలో ఆమెతో పోట్లాడే భర్త ఇప్పుడు లేడు.

మొన్న ఆ భోగం ప్రసాదంగా వడ్డించే పంక్తిలో ఎవరో ముసలాయన విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, "సాల్లే తల్లీ, పొట్ట పగిలిపోద్ది" అన్నాడు. అచ్చం బరిశాల్! వడ్డిస్తున్న చారుబాల చేతిలో కిచిడీ గరిటె ఆగిపోయింది.

"ఏ ఊరు నాయినా మీది?"

"ఝాలకాఠీ అక్కా. రైలు మారాలని దిగినాను."

"మాది ఆ పక్క రేవే! మీ ఇంట సేమకూరలో కొబ్బరేస్తారా?"

"ఎయ్యకపోతే అదేం కూరక్కా!"

చారుబాల పకపకా నవ్వింది. పంక్తి లేచిపోయినా ఇద్దరూ రొయ్యల గురించీ, వరదల గురించీ గట్టిగట్టిగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. రైలు వేళకు ఆయన లేచాడు. ఆమె గేటు దాకా వెళ్లి, "మల్లీ ఎప్పుడొత్తావు?" అంది.

"ఈ దారిలో ఇంక నాకేం పనక్కా" అంటూ ఆయన ఆటో ఎక్కాడు.

ఆమె వెనక్కి వచ్చేసరికి, "ఎవరు మాసిమా, చుట్టాలా?" అని అడిగింది ఒక కోడలు. చారుబాల ఔనందామని నోరు తెరిచింది. ఆయన పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.