యాసిడ్ చుక్క మీద రత్న మాట మార్చలేదు

నిన్న పొద్దున్న రత్న తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క ఇంక నేదు" అన్నాడు.

ఏ అక్క అని అడిగాను. నిజంగానే అర్థం కాలేదు.

మెదడుకెక్కిన మలేరియా. అరకు నుంచి వైజాగ్ తెస్తుంటే ఘాట్ రోడ్డులోనే పోయింది.

పీహెచ్‌డీ రోజులన్నీ మాది ఒకే హాస్టల్ గది, ఒకే గైడ్.

ఆ గైడ్ గారు నిన్ననే పోస్ట్ పెట్టారు. "నా ప్రియ శిష్యురాలు" అట. కింద వరసగా దండాల ఎమోజీలు.

ఛీ.

తెలియనివాళ్లకి చెబుతున్నాను. విమానాలు తిరిగే ఎత్తుకీ పైన, కంటికి ఆనని సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్కలు తేలుతుంటాయి. వాయువులు వాటి లోపలికి ఎంత వేగంగా పాకుతాయి? రత్న పని అదే. పైనున్న ఓజోన్ ఎంత తరుగుతుందన్నది కొంత దాని మీదే ఉంటుంది.

ఒక డిసెంబరులో వాళ్లూరు వెళ్లాను. "ఏటి సదువుతున్నావే గుంటా ఇన్నాళ్లూ?" అంది వాళ్లమ్మ. రత్న వేడినీళ్లలో ఒక చుక్క కాఫీ డికాక్షన్ వేసింది. చలికి బిగిసిన కొండతేనెలో ఇంకో చుక్క. నీళ్లలో చటుక్కున కలిసిపోయింది. తేనెలో అలాగే నిలబడింది.

"పైన సలికి ఆ యాసిడ్ కూడా ఇలాగే సిక్కబడతాదమ్మా. ఏదీ బేగి లోపలికి ఎల్లదు."

"బాగానే ఉంది గానీ, తేనె పాడు సేసినావు" అందావిడ.

గైడ్ గారి పాత పేపరులో ఆ వేగం ఎక్కువ. రత్న ఎన్నిసార్లు కొలిచినా తక్కువే వచ్చింది.

సెమినార్‌లో ఆయన నవ్వుతూ, "ఏజెన్సీ నుంచి వచ్చావు కదమ్మా, థర్మామీటర్ చూడ్డం వచ్చా?" అన్నారు.

హాలంతా నవ్వింది. నిన్న దండాలు పెట్టినవాళ్లలో సగం ఆ నోళ్లే.

రత్న కూర్చోలేదు. "మీరే వచ్చి కొలవండి సార్" అంది.

ఆయన రాలేదు. అంకె మారిస్తేనే థీసిస్ మీద సంతకం అన్నారు. రత్న మార్చలేదు. ఏడాది అలాగే పోయింది. చివరికి ఇంకో యూనివర్సిటీలో కొలిచి చూశారు. వాళ్లకీ రత్న అంకే వచ్చింది.

అప్పుడు సంతకం పడింది. ఆ తర్వాత కాన్ఫరెన్స్‌లో "మేం కనుక్కున్నాం" అని ఆ మనిషే చప్పట్లు కొట్టించుకున్నారు. రత్న పేరు ఒక్కసారీ ఎత్తలేదు.

నేను లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒగ్గేయే. అంకె సరిగ్గా సదివాడు కదా."

నువ్వు ఒగ్గేశావు. నేను ఒగ్గను.

పోయిరా రత్నా. నీ కొండల్లో నిమ్మళంగా పడుకో.