మా ఆవిడ నన్ను పొరకతో కొట్టలేదు

నంద్యాలలో మా వీధి వాళ్ళంతా మా ఆవిడ నన్ను పొరకతో కొట్టిందనే అనుకుంటున్నారు. కొట్టలేదు. అంతకంటే ఘోరమే చేసింది.

మొదలుపెట్టింది నేనే. మా పెళ్ళిరోజుకు ఆళ్లగడ్డలో అత్తగారింటికి ఒక కానుక పట్టుకెళ్ళాను. రంగు కాగితం చుట్టిన పెద్ద పెట్టె. మా అత్త టీవీ అనుకుంది. అందరి ముందూ విప్పితే ఇల్లు తుడిచే మాపు, దాన్ని పిండే బకెట్టు.

"ఇంక నీకు నడుం వంచే పనే లేదు" అన్నాను గొప్పగా. బావమరిది పడీపడీ నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఆ నవ్వుకు నేను అప్పుడే భయపడి ఉండాల్సింది.

నా పుట్టినరోజుకు వాళ్ళందరినీ నంద్యాలకు పిలిచింది. భోజనాలయ్యాక, అదే రంగు కాగితం చుట్టిన పొడవాటి పొట్లం నా చేతిలో పెట్టింది. లోపల కొత్త కొండచీపురు. పసుపు రాసి, బొట్టు పెట్టి, పిడికి మల్లెపూలు చుట్టింది.

"లచ్చిందేవి. కాలు తగలనీయొద్దు. దీనికి బకెట్టు గూడా అక్కర్లేదు. నడుం మాత్రం వంచాల."

కొత్త పొరక ఎవరి చేతికి అందితే వాళ్ళే మొదట ఊడ్వాలని అత్తగారింటి ఆచారం. "ఊడ్సు నాయనా, మంచిది" అంది మా అత్త.

ఊడ్చాను. కొత్త చీపురు నూగు రాలుస్తుందనీ, ముందు వాకిట్లో నేలకేసి కొట్టి దులపాలనీ అక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఊడ్చేకొద్దీ గది నిండా నూగే.

"బావా, ఊడుస్తాండావా, ఇత్తనాలు సల్లుతాండావా?" అన్నాడు బావమరిది.

ఒళ్ళు మండి చీపురును తలుపు పైకమ్మికేసి కొట్టాను. ఉన్న నూగంతా నా నెత్తిన పడింది.

"ఈడ ఇయ్యప్పా, ఎట్ల దులపాలో సూపిస్తా" అని ఆవిడ దాన్ని లాక్కుని, వాకిట్లోకి దిగి పైకెత్తింది. పక్కనే నేను వంగి, రెండు చేతులతో తల దులుపుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే పక్కింటామె పాయసం గిన్నె తిరిగిద్దామని గేటు తీసింది. గిన్నె అరుగు మీద పెట్టి, గబగబా వెళ్ళిపోయింది.

సాయంత్రం టీ అంగడిలో అందరూ నా మీద జాలిపడ్డారు. ఒకాయన జరిగి కూర్చుని బెంచీ మీద చోటిచ్చాడు. ఊడ్వడం రాక నవ్వులపాలయ్యానని చెప్పుకోవడం కంటే ఆ జాలే నయమనిపించి ఊరుకున్నాను.

ఆ మాట ఆళ్లగడ్డ దాకా పాకింది. బావమరిది కూతురిని చూడడానికి వచ్చినవాళ్ళు, "మేనత్త మొగున్ని పొరకతో కొడతాదంట గదా, పిల్ల ఎట్లాంటిదో?" అన్నారట. బావమరిది ఎంత కాదన్నా నమ్మలేదు. ఆ రోజు ఆవిడ అన్నం ముట్టలేదు.

మర్నాడు టీ అంగడిలో నిలబడి జరిగిందంతా చెప్పాను.

"పాపం, ఆయమ్మే ఇట్ల సెప్పమనింటాది" అన్నాడొకడు. మిగిలినవాళ్ళు తలలూపారు.

ఇంటికొచ్చి ఆ సంగతి ఆవిడకు చెప్పాను. తలుపు వెనకున్న పొరక వైపు ఒకసారి చూసింది.

"సేయని పనికే ఇంత పేరొచ్చింది. సేసేస్తే పోలా?"

పెళ్ళివారు ఇది చదివితే బాగుండు. పిల్ల బంగారం. వాళ్ళ మేనత్త నన్ను ఇప్పటిదాకా కొట్టలేదు.