నాలుగో నంబరు ఫోను

ఆగస్టు నెల, రెండో శనివారం. దొడ్డబళ్ళాపురం. హాజరు: పిల్లలు పన్నెండు మంది, బస్సు డ్రైవరు, నేను. రానివారు నలుగురు: ఇద్దరికి పరీక్షలు, ఒకరికి జ్వరం, ఒకరు చెప్పలేదు.

మహిళా కళాశాలలో ఫుట్‌బాల్ కోచ్‌గా ఉన్నన్నాళ్ళూ మ్యాచ్ రోజు డైరీ ఇలాగే మొదలుపెట్టేదాన్ని. రిటైరయ్యాక పాత డైరీలు వరుసగా చదువుతున్నాను. ఈ పేజీ దగ్గరకు వచ్చేసరికి ఇప్పటికీ డైరీ కాసేపు పక్కన పెట్టేస్తాను.

ఆట ముగియడానికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. స్కోరు ఒకటి ఒకటి. మా డిఫెన్స్‌లో ఆడే నాలుగో నంబరు పిల్లా, ఎదుటి జట్టు పిల్లా ఒకే బంతి కోసం ఎగిరారు. తలలు కొట్టుకున్న చప్పుడు గీత బయట నిలబడ్డ నాకు వినిపించింది. ఆ రెండో పిల్ల లేచి ఏడ్చింది. మా పిల్ల ఏడవకుండా గడ్డి మీద కూర్చుండిపోయింది.

తలకు దెబ్బ తగిలితే మూడు ప్రశ్నలు అడగడం నా అలవాటు.

"ఏ ఊళ్ళో ఉన్నాం?"

"దొడ్డబళ్ళాపురం."

"స్కోరెంత?"

"ఒకటి ఒకటి."

"పొద్దున ఏం తిన్నావు?"

"చిత్రాన్నం మేడం. మీరూ తిన్నారు గదా, మీకు గుర్తులేదా?"

చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. నేనూ నవ్వి, ఆమెను మళ్ళీ లోపలికి పంపాను. మొదటి సగంలోనే ఒక పిల్లకు చీలమండ బెణికితే మిగిలిన ఒక్క ఆటగత్తెనూ దింపేశాను. ఇప్పుడీమెను కూర్చోబెడితే పది మందితో ఆడాలి. మూడు సమాధానాలూ సరిగ్గా చెప్పింది కాబట్టి పంపానని ఆనాటి డైరీలో రాసుకున్నాను. ఆ పది మంది సంగతి రాసుకోలేదు.

మ్యాచ్ డ్రా అయింది.

మ్యాచ్ రోజుల్లో పొద్దున్నే పిల్లల ఫోన్లన్నీ ఒక గుడ్డసంచీలో వేసుకునేదాన్ని. తిరుగు ప్రయాణంలో ఎవరు దిగితే వారి జెర్సీ నంబరు పిలిచి బస్సు తలుపు దగ్గర ఇచ్చేదాన్ని. ముందే ఇచ్చేస్తే అందరూ తలలు వంచుకుని కూర్చుంటారు, ఆట గురించి ఒక్కరూ మాట్లాడరు.

బొమ్మనహళ్ళి చేరేసరికి ఆరున్నర అయింది. నాలుగో నంబరు పిల్ల దిగాల్సిన చోటది. నేనే లేచి చేయి పట్టుకుని మెట్లు దించాను.

"ఇంట్లో ఎవరుంటారు?"

"అమ్మ గార్మెంట్స్‌లో ఉండాది. ఎనిమిదిన్నరకు వస్తాది."

"తలనొప్పి ఎక్కువైనా, వాంతి అయినా వెంటనే నాకు ఫోన్ చెయ్యి. ఏమీ కాకపోయినా ఏడింటికి చెయ్యి."

"చేస్తా మేడం. ఇంతకీ గెల్చినామా మనం?"

హుషారు పిల్ల, నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. "డ్రా చేసినావు తల్లీ, పో," అన్నాను. తల ఊపి సందులోకి వెళ్ళిపోయింది.

రెండు స్టాపుల తర్వాత గోల్‌కీపర్ దిగడానికి ముందుకు వచ్చింది. "మేడం, ఆ నాలుగో నంబరుకి ఏమైంది? గెలిచామా, గెలిచామా అని బస్సులో నాలుగుసార్లు అడిగింది నన్ను. నీ తలలో గాలి దిగిపోయింది, పంపు కొట్టించుకోవే అన్నా." నవ్వుతూ చెబుతున్న పిల్ల నా ముఖం చూసి ఆగిపోయింది.

వెంటనే నాలుగో నంబరు పిల్లకు ఫోన్ చేశాను. నా ఒళ్ళో ఉన్న సంచీ కదిలింది.

చేయి పట్టుకుని దించాలన్న తొందరలో ఆమె ఫోను ఇవ్వడం మరిచిపోయాను. ఫోన్ చెయ్యమని రెండుసార్లు చెప్పి, ఆ ఫోను నా దగ్గరే పెట్టుకున్నాను.

తెరిచి అమ్మ నంబరు చూద్దామంటే దానికి లాక్ ఉంది. రిజిస్టరు తీశాను. బూటు సైజు, రక్తం గ్రూపు, ఫోన్ నంబరు ఉన్నాయి. ఇంటి వివరం లేదు. అద్దె ఇళ్ళు ఏడాదికోసారి మారుతుంటారని ఆ గడిని నేనే ఎప్పుడో తీసేశాను. పెద్దవాళ్ళ నంబరు రాయాల్సిన చోట కూడా ఆ పిల్ల తన నంబరే రాసింది. నేను సరిచూడలేదు.

గోల్‌కీపర్‌కూ, బస్సులో మిగిలినవాళ్ళకూ ఇల్లు తెలియదు. ఎవరి ఫోను వాళ్ళకిచ్చేసి, గోల్‌కీపరూ నేనూ దిగి ఆటో ఎక్కి వెనక్కి బయలుదేరాం. సిగ్నల్ దగ్గర ఆటో కదలడం లేదు. ఏడయింది. ఏడుంబావు అయింది. అప్పుడు సంచీలో ఫోను మోగింది. 'అమ్మ' అని ఉంది. ఎత్తడానికి భయపడ్డాను. ఎత్తాను.

"ఏమే, చేరినావా? ఒక ఫోన్ చేసేకి గూడా తీరదా నీకు?"

"నేను కాలేజీ కోచ్‌నమ్మా."

అవతల కుట్టు మిషన్ల చప్పుడు. "నా బిడ్డ యాడుండాది?"

"ఆటలో తలకు దెబ్బ తగిలింది. ఇంటికి పంపాను, ఫోను నా దగ్గర ఉండిపోయింది. ఇల్లెక్కడో చెప్పండి."

"నీళ్ళ ట్యాంకు వెనక సందు. మూడో ఇల్లు, పైన రేకుల రూము. నేనూ వస్తాండా. మీరు బిరబిరా పోండి మేడం."

రెండేసి మెట్లు ఎక్కాను. తలుపు దగ్గరకు వేసి ఉంది, గడియ పెట్టలేదు. ఆ పిల్ల జెర్సీతోనే చాప మీద పడుకుని ఉంది. పక్కన బకెట్టులో వాంతి. పిలిచాను. పలకలేదు. భుజం తట్టాను. పలకలేదు. గోల్‌కీపర్ నా వెనక నిలబడి ఏడవడం మొదలుపెట్టింది. మూడోసారి గట్టిగా కుదిపితే కళ్ళు తెరిచి నా వైపు చూసింది.

"గెల్చినామా మేడం?"

అంతకు ముందుగానీ, ఆ తర్వాతగానీ ఒక ప్రశ్నకు నేనంత భయపడలేదు.

తల్లి వచ్చేసరికి పిల్లను ఆటోలో కూర్చోబెట్టాం. ఆసుపత్రిలో స్కాన్ తీసి, రాత్రంతా గమనించాలని అక్కడే ఉంచుకున్నారు.

మర్నాడు పొద్దున డాక్టరు వచ్చి, లోపల రక్తస్రావం లేదని, మూడు వారాలు బంతి ముట్టుకోకూడదని చెప్పి వెళ్ళారు. పిల్ల ఇడ్లీ తింటోంది. తల్లి నన్ను వరండాలోకి పిలిచింది.

"దానికి ఆట సంగతేమీ గుర్తులేదంట. అందుకే మిమ్మల్ని అడుగుతాండా. దెబ్బ తగిలినాక మళ్ళా ఆడించినారా?"

"ఆడించాను. పన్నెండు నిమిషాలు. ఒకరు తక్కువవుతారని ఆడించాను."

ఆమె రాత్రంతా నిలబడే ఉంది, అప్పుడు మాత్రం గోడకు ఆనుకుంది. నేను ఫోను తీసి చేతికిచ్చాను. కొంగుతో దాని అద్దం తుడిచింది.

"మూడు వారాలైనాక పంపేదా లేదా అనేది అప్పుడు చెప్తా," అంది. "మీ పుస్తకం తీయండి. నా నంబరు రాసుకోండి. ఇల్లు గూడా రాసుకోండి."

రిజిస్టరులో ఇంటికి గడి లేదు. నాలుగో నంబరు ఎదురుగా ఉన్న అంచులో, ఆమె చెబుతుంటే రాసుకున్నాను.