అడ్రసు గడిలో ముఠా పేరు

శాలోమి చోడవరంలో ఒక చిన్న మిషన్ ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్ళుగా నర్సు. ఆమె అన్న కృపారావు చెరకు నరికే కూలీ, నలభై ఆరేళ్ళకే కిడ్నీలు పాడై చనిపోయాడు. తాగుడు లేదు, షుగరు లేదు. "మరెందుకు పోయేడు బాబూ?" అని ఆమె అడగని డాక్టరు లేడు. అన్నకి జబ్బు బయటపడ్డ నాటి నుంచి, ఆస్పత్రికొచ్చిన ప్రతి చెరకు కూలీకీ రక్తపరీక్ష చేయించి ఒక పొడుగు నోటుబుక్కులో రాస్తూ వచ్చింది. మొదటి పేరు అన్నదే.

ఆ ప్రశ్న పట్టుకుని ఆస్పత్రి డాక్టర్ ఆస్టిన్ నిరుడు పరిశోధన గ్రాంటుకి దరఖాస్తు పెట్టాడు. రెండు వందల మందిని పరీక్షిస్తామన్నాడు. "రెండు వందలే ఎందుకు?" అన్న ఒక్క ముక్కతో అది తిరిగొచ్చింది. ఈసారి గడువు శుక్రవారం. "ఇదే ఆఖరుసారి సిస్టర్" అనేశాడాయన. అందుకే కాయితాలు నింపకముందే విశాఖపట్నం నుంచి బయోస్టాటిస్టిషియన్ని, అంటే వైద్య పరిశోధనలకు లెక్క కట్టే మనిషిని, పిలిపించాడు.

వచ్చింది ఝాన్సీ. ముప్ఫై దాటని గుంట.

"ఎంతమందిని సూడాలో అంకె ఒక్కటీ వేసీసి ఎల్లిపోతారు కదమ్మా, టిఫిను తెప్పించనా?" అంది శాలోమి.

"టిఫిను తెప్పించండి. అంకె మాత్రం కుర్చీలో కూకుంటే రాదు. మాదీ ఈ పక్క బుచ్చయ్యపేటే, తోటకి తీసుకెళ్ళండి."

గోవాడ దారిలో ఒక తోటలో నరుకుడు సాగుతోంది. గట్టు మీద నీలం డ్రమ్ము, దాని మీద ఒకే ఒక్క స్టీలు గ్లాసు. కూలీల్లో పెద్దది దేముడమ్మ, కత్తి పక్కన పెట్టి నడుం పట్టుకుంది.

"ఏటి సిస్టరమ్మా, మళ్ళీ సూదులట్టుకొచ్చేవేటి?"

"సూదుల్లేవే. ఈ మేడమ్ మీ నీళ్ళు సూస్తాదట."

"రగతం అయిపోయింది, ఇంక నీళ్ళ మీద పడ్డారర్రా!"

అందరూ ఘొల్లుమన్నారు. ఝాన్సీ డ్రమ్ము మూత ఎత్తింది. "అందరూ ఇందులోవే తాగుతారా?"

"మరి? ఒకే నీళ్ళు, ఒకే ఎండ. మేస్త్రీ కేకేస్తే కూకోడం, కేకేస్తే లెగడం."

ఝాన్సీ గట్టు మీద చతికిలబడింది. "సిస్టరమ్మా, అన్నం ఉడికిందో లేదో ఎలా సూస్తారు?"

"ఒక్క మెతుకు పట్టి."

"పది మెతుకులు పడితే పక్కింటి కుండ సంగతి తెలుస్తాదా?"

శాలోమి కూలీల వైపు తిరిగింది. ఒకే మేస్త్రీ కింద పనిచేసే ముఠా అంతా ఒక కుండ. పది ముఠాల్లో ఇరవైమంది చొప్పున పరీక్షిస్తే అది రెండు వందల మంది లెక్క కాదు. పది కుండల లెక్క.

"మరి ఎన్ని కుండలు సూడాలమ్మా?"

"ఒక ముఠావాళ్ళు ఎంత ఒక్కలా ఉంటారో తెలిస్తే సెప్పగలను. ఎవరిది ఏ ముఠాయో రాసినోళ్ళు ఎక్కడా లేరు. శుక్రవారం లోపల ఎక్కడ తెస్తాం?"

శాలోమికి తన పొడుగు నోటుబుక్కు గుర్తొచ్చింది. ఇక్కడి కూలీలు అడ్రసు అడిగితే ఊరు చెప్పరు, మేస్త్రీ పేరు చెబుతారు. అడ్రసు గడిలో ఆమె అదే రాసింది: 'పరదేశి ముఠా', 'సన్యాసి ముఠా'. "ఇదేం అడ్రసు?" అని పాత డాక్టరొకాయన నలుగురిలో విసుక్కున్నాడు కూడా. సిగ్గుపడుతూనే రాసింది, ఇన్నేళ్ళూ.

ఆస్పత్రిలో ఝాన్సీ ఆ గడి మీద వేలుంచి ఒక్కో పేజీ తిప్పింది. "ఇలా రాయాలని మీకెవరు సెప్పేరు?"

"ఎవరూ సెప్పలేదమ్మా. ఆళ్ళు సెప్పిందే రాసేను."

సాయంత్రానికి పేర్లన్నీ కంప్యూటర్లో ముఠాల వారీగా చేరాయి. కొన్ని ముఠాల్లో జబ్బు ఒక్కరికీ లేదు. పరదేశి ముఠాలో తొమ్మిది మందికి ఆరుగురు, అందులో కృపారావు. ప్రతి మనిషినీ ఎరిగిన శాలోమికి ఇన్నాళ్ళూ ఇది కనబడలేదు. ఆకాశంలో చుక్కల్ని విడివిడిగా చూసిన కళ్ళకి తొలిసారి మూడు చుక్కల గొల్లకావడి ఆనినట్టయింది. "స్తోత్రం ప్రభువా" అని గొణుక్కుంది. అది అన్న ఒక్కడి జబ్బు కాదు, ముఠాది.

ఝాన్సీ లెక్క తేల్చింది: నలభై నాలుగు ముఠాలు, ముఠాకి ఎనిమిదిమంది. ఎందుకో కూడా రాసి శుక్రవారం పంపారు. వానలు వెనకబట్టాక జవాబొచ్చింది. ఈసారి ప్రశ్న లేదు, మంజూరు.

ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ మొదలైన వారం శాలోమి మళ్ళీ అదే గట్టెక్కింది. దేముడమ్మ చెయ్యి చాపుతూ, "ఈపాలి రగతమా, నీళ్ళా?" అంది.

"రెండూనే. ముందు మీ ముఠా పేరు సెప్పు" అంటూ శాలోమి కొత్త పుస్తకం తెరిచింది.