నాలుగో మడి

మా బిల్డింగు వెనక తోట వేసిన పిల్ల పోయింది. ఆగస్టు చివర ఒక శుక్రవారం పొద్దున, హాస్పిటల్ నుంచి ఇంటికి వచ్చి, మా ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ మాట పెట్టింది నేనే. దాని కింద వరసగా దండాల బొమ్మలు పడ్డాయి. వాటి కింద ఒకావిడ రాసింది: "అయ్యో పాపం. మరి ఈ వారం గోంగూర ఎవరిస్తారు?" ఫోను మంచం మీదికి విసిరికొట్టాను. ఇది రాసేనాటికీ ఆ కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా నాకు లేదు.

మేముండేది గల్ఫ్‌లో, నువైద్రాత్ అనే ఊళ్ళో. మా గోడకి ఆనుకుని ఒక పాత ఖర్జూరపు తోట ఉంది. భూమిలో నీళ్ళు ఉప్పెక్కి చెట్లు ఎప్పుడో చచ్చిపోయాయి, తలల్లేని మొద్దులు మిగిలాయి. ఆ తోట యజమాని అయిన ముసలాయన ఇంట్లో పనికని గోదావరి లంకల నుంచి వచ్చింది ఈ పిల్ల. పోయేనాటికి ఇరవై ఆరేళ్ళు. భార్య చనిపోయాక ఆయన అరాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ, నిన్ను ఇంకో ఇంట్లో పనికి కుదర్చనా అని అడిగాడట. ఆమె తోట మూలనున్న కావలి గది చూపించి, అక్కడుంటాను, ఏదో ఒకటి పండిస్తాను అందట. ఆయన నవ్వి తాళంచెవి చేతిలో పెట్టాడు. వీసా మాత్రం ఆయన పేరు మీదే నడిచింది.

నాకు ఆమె పరిచయమైంది ఒక మిట్టమధ్యాహ్నం. తలుపు కొడితే తీశాను. చేతిలో చుట్టిన గొట్టం, ముఖమంతా చెమట.

"మీ ఏసీ నీళ్ళు ఊరికే కారిపోతన్నాయండి. నాకిచ్చేత్తారేటండీ?"

"ఏసీ నీళ్ళతోని ఏం జేస్తవ్ పిల్లా?"

"నేలని కడుగుతానండి. ఈ నీళ్ళల్లో ఉప్పుండదండి."

నేను నవ్వాను. నేల కడుగుతుందట! పై వాళ్ళూ నవ్వారు గానీ మూడు ఫ్లాట్ల వాళ్ళు సరేనన్నారు. ఆ మూడు ఏసీల కింద గొట్టాలు కట్టి మూడు మళ్ళ దాకా దించింది. చుక్కచుక్కగా వచ్చే నీళ్ళని డబ్బాల్లో పట్టి, మడి నిండేలా ఒక్కసారి పోసేది, ఉప్పు కిందికి దిగిపోవాలని. మేకల ఎరువు తట్టల్తో మోసింది. వారానికోసారి చిటికెడు మట్టి నాలిక మీద వేసుకుని చప్పరించి ఉమ్మేసేది. బాల్కనీలోంచి చూసి నాకు అసహ్యం వేసింది. మొదటి వేసవిలో ఏమీ మొలవలేదు. "తిడితే పోదండి ఉప్పు, పోస్తానే ఉండాలండి" అనేది. రెండో వేసవికి గోంగూర లేచింది, దాని వెనకే తోటకూర, బచ్చలి. ఏడు కోళ్ళు కూడా వచ్చి చేరాయి. ఆకుకూరలు, గుడ్లు అమ్ముకుని బతికేది.

నాలుగో మడి మా ఏసీ కింద. దానికి నీళ్ళు ఇవ్వనన్నది నేనే. "గోడకు చెమ్మొస్తది పిల్లా, మల్ల ఓనర్ తోని మాట వడాలె" అన్నాను. "పర్లేదండీ, మీకెప్పుడు వీలైతే అప్పుడేనండి" అంది. ప్రతి వేసవి మొదట్లో వచ్చి అడిగేది, నేను అదే మాట చెప్పేదాన్ని. మిగతా మూడు గోడలకీ చెమ్మ రాలేదు. అది చూస్తూ కూడా చెప్పాను. మూడు మళ్ళు పచ్చగా, నాలుగోది సున్నం చల్లినట్టు తెల్లగా ఉండేది.

ఇక మా వాళ్ళ నోళ్ళు! వయసులో ఉన్న పిల్ల ఒక్కతే ఎట్లుంటది, ఎవరొచ్చిపోతున్నరో ఏమో, అని ఆ పిల్ల కోసిచ్చిన గోంగూరలో ఈనెలు తీస్తూనే అనుకునేవాళ్ళు. ఒకసారి ఒకావిడ మొహం మీదే అడిగింది, ఒంటరిగా భయం లేదా అని. "ఒంటరిగా ఎక్కడున్నానండీ, ఏడు కోళ్ళున్నాయి కదండీ" అంది. అందరం నవ్వాం. సిగ్గులేని నవ్వు.

ఆ మంగళవారం కడుపునొప్పి అంటూ వచ్చింది. గుర్తింపు కార్డు గడువు దాటి రెండు నెలలైంది. ముసలాయన కొడుకు రేపు చేయిస్తా, ఎల్లుండి చేయిస్తా అంటున్నాడు. ఇలా హాస్పిటల్‌కి పోతే పట్టుకుని ఇంటికి పంపేస్తారని బిల్డింగంతా ఒకటే మాట. నేనూ అదే అన్నాను. "నన్ను పంపేత్తే నేలంతా మళ్ళీ ఉప్పైపోద్దండి" అంది. అందుకని ఊరి నుంచి తెచ్చుకున్న మందుల డబ్బా తీశాను. మా అందరి ఇళ్ళలోనూ ఉంటుంది అలాంటిది, ఒక్కో కవరు మీద ఒక్కో జబ్బు పేరు రాసి. కడుపునొప్పి అని నా చేత్తో రాసిన కవర్లోంచి మాత్ర ఇచ్చాను. కింది ఫ్లాటావిడ ఇంకోటి ఇచ్చింది. బుధవారం "తగ్గిందండి" అంది. తగ్గలేదు, నా మాత్ర నొప్పిని దాచింది. గురువారం పొద్దెక్కినా కోళ్ళు బయటికి రాకపోతే వెళ్ళి చూశాం. కారులో తీసుకెళ్తే, మలయాళీ నర్సు మా మీద అరిచింది: "కార్డు లేకపోయినా ఎమర్జెన్సీలో చూస్తాం. ఎవరు వద్దన్నారు?"

అప్పటికే అపెండిక్స్ పగిలిపోయింది.

పోయిన వారం సంతాప సభ. హాలు, ఫోటో, దండ. ఎన్నడూ ఆమె గది గడప తొక్కనివాళ్ళు ధైర్యవంతురాలన్నారు, మా ఆడపడుచన్నారు. అంతకు ముందురోజు, సభ తర్వాత భోజనాల్లోకి ఆమె గోంగూర పప్పు పెడితే బాగుంటుందని నన్ను కోసుకురమ్మన్నారు. కోయలేదు. సభలో నా వంతు వచ్చినప్పుడు లేచి అన్నాను: "నీళ్ళు వోసినోళ్ళు తెంపుకోండ్రి. ఆ పిల్ల వోయినంక ఎవ్వలు వోసిండ్రో చెప్పుండ్రి."

వెనక నుంచి ఒక గొంతు, "మీరు పోశారా?" అంది.

పోయలేదు. అది అడిగినావిడ మీద ఒళ్ళు మండింది, సరైన మాటే అడిగింది కనక. ఇంటికొచ్చి చీర కూడా మార్చకుండా ఆమె గదికి వెళ్ళాను. పార పక్కన మేకుకి ఒక గొట్టం చుట్ట వేలాడుతోంది. విప్పి మా గోడకి పట్టి చూశాను. మా ఏసీ నుంచి నాలుగో మడి దాకా సరిగ్గా సరిపోయింది. ఎప్పుడో కొలిచి, కోసి, ఒక కొసకి గుడ్డ చుట్టి సిద్ధంగా పెట్టుకుంది.

ఆ రోజే కట్టాను. రోజూ సాయంత్రం దిగి, నిండిన డబ్బా ఆ మడిలో పోస్తున్నాను. తక్కిన మూడింటికీ నేనే పోస్తున్నాను. కోళ్ళు నా కాళ్ళ చుట్టూ తిరుగుతాయి. నిన్న ఎవరు చూస్తే నాకేం అనుకుని, నాలుగో మడిలోంచి చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకున్నాను.

ఉప్పు. ఉమ్మేసి, ఇంకో డబ్బా పోశాను.