మా చిన్నాయన నిప్పట్లు

బద్వేలులో మగ్గం నేసే మా చిన్నాయనది భారీ ఒళ్లు. మగ్గం గుంతలోకి దిగాలంటేనే ఆయాసపడేవాడు. ఒళ్లు తగ్గకపోతే గుండెకు ముప్పని వైద్యుడు చెప్పినాడు. ఆయన మధ్యాహ్నం సంగటి మానేసి కడుపు మాడ్చుకునేవాడు. సాయంత్రమయ్యేసరికి మాత్రం ఉప్పూకారం పట్టిన నిప్పట్లు కరకరా నములుతా చిన్నమ్మకు దొరికిపోయేవాడు.

"మళ్లీ తింటాండావా?" అని ఆమె ఆయన చేతిలోది లాక్కునేది.

"ఈ ఒక్కటే మే, రేపట్నుంచి ముట్టను," అని నవ్వేవాడు.

ఆ ఏడు కలరా వచ్చి చిన్నమ్మ పోయింది. కొన్ని నెలలకు మా అమ్మ చేసిన నిప్పట్లు తీసుకొని ఆయన్ను చూడబోయినాను. అంగీ ఒంటిమీద వేలాడుతోంది.

"శానా చిక్కినావు చిన్నాయనా," అన్నాను.

ఆయన ఒక నిప్పట్టు విరిచి, నోటిదాకా తెచ్చి దించేసినాడు.

"లాక్కునే మనిషి పోయిందప్పా," అని దాన్ని నా చేతిలో పెట్టేసినాడు.